రెండో జత

1987లో చిత్తూరులోని ఒక కంప్యూటరు సెంటరులో నాకు తాత్కాలిక ఉద్యోగం దొరికింది. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. నాయన ఆ ఉద్యోగం సంగతి ఊరంతా చెప్పుకున్నాడు. ఒకనాటి రాత్రి ఒక కాలేజీ పరీక్షల మార్కులన్నీ కంప్యూటరులో కొట్టి, తెల్లారేసరికి ఇవ్వాల. లేకుంటే ఉద్యోగం పోతుంది. కొట్టింది దాచుకునే ఫ్లాపీ సాయంత్రమే మొరాయించింది. కరెంటు పోతే కొట్టిందంతా గాలికే.

దుమ్ము పడితే మిషను అలుగుతుందని ఏసీ గదిలోకి చెప్పులు రానివ్వరు.

"మా దర్గాలో కూడా ఇంత కట్టడి లేదప్పా. పైగా దీనికి ఏసీ, ఇంట్లో మనకు ఫ్యాను కూడా లేదు," అని నవ్వి, తోటి ఆపరేటరు కాశింవలి తన చెప్పులు తొడుక్కొని టీకి పోయినాడు.

నేనొక్కడినే మిగిలినాను. కాసేపటికి తల తిప్పి అద్దాల తలుపులోంచి చూస్తే, బయట రెండు జతల చెప్పులు ఉన్నాయి. ఒకటి నాది. రెండోది పాత తోలుది, తడిసి ఉంది.

"కాశిం, వచ్చినావా?" అన్నాను.

కుర్చీలోనే చుట్టూ తిరిగి చూసినాను. గదిలో నేను తప్ప ఎవరూ కనిపించలేదు. పారిపోదామంటే పని సగంలో ఉంది. వెనక్కి చూడకుండా గబగబా కొట్టసాగినాను.

కరెంటు పోయింది. తెర ఆరిపోయింది. ఏసీ ఆగి, గదంతా నిశ్శబ్దమైంది. రాత్రంతా పడిన కష్టం పోయింది. ఇంక ఉండి చేసేదేమీ లేదని చీకట్లో లేచినాను.

ఎవరో వెనక నుంచి నా కుర్చీని ముందుకు జరిపినారు. అది నా మోకాళ్ల వెనక మెత్తగా తగిలింది.

"పోతే పోనీలే అబ్బా," అని చెవి దగ్గర ఎవరో నెమ్మదిగా అన్నారు. "కూసో. మళ్లా మొదట్నించీ కొడుదువు."