రెండు మార్కుల గాలి

త్రినాథ్ చేతిలోని గాలి కొలిచే మిషను మళ్లీ కీచుమంది. ఎర్ర దీపం వెలిగింది.

"గాలి ఫెయిలండీ," అన్నాడు.

సౌజన్య చేతిలోని ఫైలు బల్ల మీద పెట్టేసింది. గుంటూరు ఏటుకూరు రోడ్డులో ఈ మిర్చి ఎగుమతి కంపెనీకి కొత్త ఆఫీసు కట్టించిన ఇంజనీరు ఆవిడే. దానికి గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ తెస్తానని అందరి ముందూ మాటిచ్చింది. వాననీళ్ల తొట్టికీ, కప్పు మీది సోలారు పలకలకీ, ఎండని ఆపే మందపాటి గోడలకీ మార్కులు పడ్డాయి. ఇసుక ఎన్ని కిలోమీటర్ల నుంచి వచ్చిందో దానికీ కాగితం చూపించింది. గోడల్లోని ఇటుకల కన్నా ఆ ఫైళ్లే బరువు. ఇక కావలసినవి రెండే మార్కులు. మీటింగు హాల్లో గాలి శుభ్రంగా ఉందని తేలితే అవీ వచ్చేస్తాయి. హైదరాబాదు నుంచి తనిఖీకి వచ్చిన త్రినాథ్‌కి సాయంత్రం రైలుంది. ఆయన మళ్లీ రాడు. ఇవాళ తప్పితే సర్టిఫికెట్ లేనట్టే.

తప్పెక్కడుందని వెతుకులాట మొదలైంది. రంగులదేమో అన్నాడు మేనేజరు దుర్గాప్రసాద్. వాసన లేని రంగులేనని సౌజన్య డబ్బాలు తెప్పించి చూపించింది. బల్ల మీది మిరపకాయల శాంపిళ్లు బయటికి పంపారు. మల్లె వాసన వస్తోందని దేవుడి పటం దగ్గర అగరొత్తులు ఆర్పి, ఆ దేవుణ్ణి కూడా కాసేపు వరండాలో కూర్చోబెట్టారు. కిటికీలన్నీ తెరిచి, అరగంట ఆగి, మూశారు. మిషను కీచుమంటూనే ఉంది.

త్రినాథ్ తెల్ల రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. గుంటూరులో రైలు దిగినప్పట్నుంచీ ఆ రుమాలు ఆయన ముక్కుని వదల్లేదు.

"మీ తప్పేం లేదు మేడమ్," అన్నాడు. "ఊరంతా మిరప ఘాటే. ఇలాంటి చోట గ్రీన్ బిల్డింగ్ ఎలా వస్తుంది?"

ఆ మాట సౌజన్య కన్నా ముందు, గుమ్మం దగ్గర తడిగుడ్డ పిండుతున్న గురవమ్మకి తగిలింది. ఆఫీసులో ఊడ్చి తుడిచే గురవమ్మ అంతకు ముందు ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో కాయలకు తొడిమలు తీసిన మనిషి. ఆ ముక్కు సంగతి నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. లారీ ఊరి బయటి బుడంపాడు దాటకముందే యార్డులో కూర్చుని, వచ్చేది తేజా రకం కాయో బాడిగ రకం కాయో చెప్పేసేది. డ్రైవరు పొద్దున ఏ పచ్చడి తిన్నాడో కూడా చెప్పేదంటారు. అది కాస్త ఎక్కువేననుకోండి.

"మిరపకాయ మీద నింద ఎయ్యబాకండి సారూ," అంది గురవమ్మ. "ఈ గదిలో మిరప వాసనే లేదు. వేరేది ఉంది."

త్రినాథ్ నవ్వాడు. జర్మనీ మిషనుకి అంతుపట్టనిది నీకు దొరుకుతుందా అన్నాడు. దుర్గాప్రసాద్ ఆమెను కిందికి పొమ్మని కసిరాడు. సౌజన్య గోడ గడియారం వైపు చూసింది.

"వెతకనివ్వండి," అంది.

గురవమ్మ బకెట్‌తో సహా హాల్లోకి వచ్చింది. ఫినాయిలు సౌజన్య ఎప్పుడో మాన్పించింది కాబట్టి అందులో వట్టి నీళ్లే. కళ్లు మూసుకుని కర్టెన్లు వాసన చూసింది. కుర్చీలు చూసింది. దుర్గాప్రసాద్ దగ్గర ఆగి, "పొద్దున ఉల్లిపాయ దోసె," అంది. ఆయన తల దించుకున్నాడు. అక్కణ్ణుంచి రెండడుగులు వేసి త్రినాథ్ ముందు నిలబడింది.

"ఆ రుమాలు ఒకసారి ఇట్టా ఇవ్వండి సారూ."

ఎందుకని అడిగేలోపే అందుకుని బకెట్లో ముంచింది. బకెట్ వరండాలో పెట్టి తలుపు వేసింది. కిటికీలు మళ్లీ తెరిపించి, పావుగంట ఆగి మూయించింది. ఇప్పుడు పెట్టండి మీ మిషను, అంది.

పెట్టాడు. చప్పుడు లేదు. పచ్చ దీపం వెలిగింది.

ఇంకోసారి పెట్టి చూశాడు. పచ్చదే. సౌజన్య సంతకం కాగితం ఆయన ముందుకు జరిపి, గురవమ్మ వైపు చూసి నిటారుగా నిలబడింది.

"మా మిరప ఘాటు పడక, రుమాలుకి మల్లెసెంటు సీసాడు పోసుకొచ్చారు సారూ," అంది గురవమ్మ, పెన్ను అందిస్తూ. "ఆ సెంటు మీ మిషనుకే పడలేదు."