పరుగున్నంత కాలం

ఎముకల డాక్టరు ఆ పిల్ల తొడ మొదట్లో బొటనవేలితో గట్టిగా నొక్కాడు. ఆ బల్ల మీద పడుకున్నవాళ్ళు ఎవరైనా సరే, మీసాలు తిరిగిన వస్తాదులైనా సరే, అక్కడ నొక్కితే "అమ్మా!" అనే అరుస్తారు. ఆయన చెవులకి అది అలవాటైపోయిన కేక. ఈ పిల్ల మాత్రం పళ్ళు బిగించి, కళ్ళనిండా నీళ్ళు తెచ్చుకుని, "మేడమ్!" అంది.

పక్కనున్న నర్సు ఫక్కున నవ్వబోయి నోరు మూసుకుంది.

ఆ మేడమ్ గోడకానుకుని నిలబడి ఉంది. మెడలో ఈల, చేతిలో స్టాప్‌వాచీ. పరుగు నేర్పే కోచ్. పిల్లకి పంతొమ్మిదేళ్ళు. ఉండేది మేడమ్ దగ్గర, తినేది మేడమ్ పెట్టింది, లేచేది మేడమ్ ఈల వేస్తే.

"లే తల్లీ, అయిపోయింది," అన్నాడు డాక్టరు.

"తల్లీ గిల్లీ అనకండి డాక్టర్‌గారూ, మెత్తబడిపోతుంది. పరుగున్నంత కాలం నా పిల్లలకి చుట్టరికాలుండవు."

అబ్బో, ఏం క్రమశిక్షణ అనుకుంటూ ఆయన కుర్చీలో కూర్చుని స్కాన్ తెరిచాడు. చూసేకొద్దీ మొహం ముడుచుకుపోయింది.

"నెలసరి సరిగ్గా వస్తోందామ్మా?"

పిల్ల మేడమ్ వైపు చూసింది. జవాబు మేడమ్ చెప్పింది. "రాక రెండేళ్ళయింది. మంచిదేగా, ప్రాక్టీసు చెడదు."

"తిండి?"

"గుడ్డులో పచ్చసొన మేడమే తీసేసి ఇస్తారు సార్," అంది పిల్ల, అదేదో గొప్ప గారాబమైనట్టు.

డాక్టరుకి ఒళ్ళు మండిపోయింది. "చూడండి, ఎముకంటే ఒకసారి కట్టేసి వదిలేసే గోడ కాదు. పాతదాన్ని తవ్వే కణాలుంటాయి, కొత్తది పోసే కణాలుంటాయి. ఆ తవ్వేవాటిని అదుపులో పెట్టేది ఈస్ట్రోజన్ అనే హార్మోను. తిండి చాలకపోతే మెదడు అండాశయానికి కబురు పంపడం మానేస్తుంది. ఆ హార్మోను పడిపోతుంది, నెలసరి ఆగిపోతుంది. ఇక అడిగేవాడు లేడు, తవ్వేవి తవ్వుతూనే ఉంటాయి. ఈ పిల్ల ఎముకలు అరవై దాటిన ముసలమ్మ ఎముకల్లా ఉన్నాయి. తొడ ఎముక తుంటిలోకి దూరే చోట, దాని మెడ దగ్గర ఇప్పటికే బీట పడింది. పరిగెత్తితే విరుగుతుంది."

"ఆదివారం జాతీయ జట్టుకి సెలక్షన్," అంది మేడమ్. "అదొక్కటీ అవనివ్వండి. తర్వాత ఏడాదంతా మంచం మీద కూర్చోబెట్టి మేపుతాను."

"ఎముక మీ సెలక్షన్ చూసుకుని విరగదు!"

"ఆ సెలక్షన్ విలువ మీకేం తెలుసు? గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చిన దాన్ని నేను. సరిగ్గా అప్పుడే నా ఒళ్ళు నన్ను మోసం చేసింది. ఇరవై ఏళ్ళవుతోంది, ఇప్పటికీ కళ్ళు మూస్తే ఆ ట్రాకే."

"మీ కసి తీరడానికి ఎవరి బిడ్డనో బలిపెడతారా? కన్నతల్లైతే ఇలా చెయ్యదు."

ఆ మాటకి పిల్ల నవ్వింది. వచ్చినప్పటి నుంచీ నవ్వడం అదే మొదలు. పాపం, తన తరఫున మాట్లాడే మనిషి దొరికాడని సంతోషించిందనుకున్నాడు డాక్టరు.

"మీ అమ్మ నంబరివ్వు. నేను మాట్లాడతాను."

"వద్దు సార్. మా అమ్మ పరిగెత్తమనే అంటుంది."

"అడక్కుండానే నీకెలా తెలుసు?"

"తెలుసు సార్."

"ఈ స్కాన్ చూపించి, విడమరిచి చెప్తే?"

పిల్ల మేడమ్ కేసి చూసింది. మేడమ్ స్టాప్‌వాచీ కేసి చూసుకుంటోంది.

"చెప్పినా అదే అంటుంది సార్."

ఏం తల్లి రా బాబూ అనుకున్నాడాయన. ఎక్కడో కూర్చుని, ఈ మేడమ్ మాటలు నమ్మి, పిల్లని అప్పగించేసిన అమాయకురాలు కాబోలు. "పోనీ నీకు మైనారిటీ తీరింది కదా. నువ్వే చెప్పు, పరిగెత్తనని."

"పరిగెత్తకపోతే మేడమ్ నాతో మాట్లాడరు సార్," అంది పిల్ల మెల్లగా.

మేడమ్ స్కాన్ కవరు చంకలో పెట్టుకుని ఈల తాడు సర్దుకుంది. పిల్ల కుంటు కనబడకుండా నడవడానికి తంటాలు పడుతూ ఆమె వెనకే వెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం డాక్టరు భోజనం సగంలో వదిలేసి ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చాడు. స్ట్రెచర్ మీద పిల్ల. ఛాతీ మీద పోటీ నంబరు ఇంకా అలాగే ఉంది. కుడికాలు పొట్టిదైపోయి పక్కకి తిరిగిపోయి ఉంది. పక్కనే మేడమ్, మొహం వెలిగిపోతూ.

"గెలిచింది డాక్టర్‌గారూ! గీత దాటాకే పడింది!"

ఆయన ఆమె మొహం కూడా చూడలేదు. ఎక్స్‌రే చూశాడు. అనుకున్నంతా అయింది. ఎముక మెడ దగ్గర రెండు ముక్కలైంది.

"ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి. మేకులు వేసి నిలబెడతాను. నడుస్తుంది, కుంటుతుంది."

"క్యాంపు మూడు నెలల్లో మొదలు. అప్పటికి…"

"ఈ పిల్లకి ఇక పరుగు లేదు. ఈ జన్మకి లేదు. అర్థమైందా?"

మేడమ్ మొహం పాలిపోయింది. గోడ పట్టుకుని, మెడలోంచి ఈల తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చేతిలో పట్టుకుని నిలబడింది. ఆ నిలబడ్డం చూసినా డాక్టరుకి జాలి కలగలేదు.

"ఇంతా చేశారు, వాళ్ళమ్మకి కనీసం కబురైనా పెట్టారా?" అని అరిచాడు.

మేడమ్ చేతిలోని ఈల కేసి చూసుకుంది. స్ట్రెచర్ మీంచి పిల్ల చెయ్యి చాపి ఆమె చొక్కా అంచు పట్టుకుంది. అంత నొప్పిలోనూ, అనుమతి అడుగుతున్నట్టు, భయం భయంగా అంది:

"పరుగైపోయిందిగా మేడమ్, ఇప్పుడు అమ్మా అని పిలవొచ్చా?"