మొసలి మీద రాళ్లు

"రాయి కింద పడెయ్యండి బాబూ! గుడ్లెట్టిన మొసలి!"

జూలో మొసళ్ల మడుగు కాపలా చూసే సూరన్న, గోడ లోపలి నుంచి గొంతు చించుకున్నాడు. గోడ బయట నిలబడ్డ జగ్గారావు మాత్రం రాయిని అరచేతిలో ఎగరేసి పట్టుకున్నాడు. జగ్గారావు పేరున్న తాపీ మేస్త్రి. స్టీలు ప్లాంటు పుణ్యమా అని దువ్వాడ వైపు లేస్తున్న కొత్త ఇళ్లలో చాలావరకు అతని చేతి మీదుగా లేచినవే. ఆదివారం కదా అని, పోర్టులో కళాసీగా చేసే పక్కింటి వీర్రాజును వెంటబెట్టుకుని వచ్చాడు. టిక్కెట్టు కొన్నాక మొసలి కదలకపోతే ఎలా?

"బతికుందో సచ్చిందో సూడొద్దేటి?" అన్నాడు.

"బతికే ఉంది బాబూ! ఎండ కాగినప్పుడు మొసలి అలగే నోరు తెరుసుకుని పడుంటాది. పోయినేడు ఎవులో రాయేస్తే దానికో కన్ను పోనాది. భయపడిపోయి గుడ్లొగ్గేసి నీట్లోకెల్లిపోనాది. గుడ్లన్నీ మురిగిపోనాయి. ఈ ఏడైనా దాని పిల్లల్ని సూడనియ్యండి. మీకు దండవెడతాను!"

వద్దన్న పని చెయ్యకపోతే మనవాళ్లకు తిన్నది అరగదు. మొదటి రాయి వెళ్లి గట్టు మీది మొసలి వీపుకు తగిలి, ఎగిరి మడుగులో పడింది. మొసలి కదల్లేదు.

"అబ్బ, ఏం తోలు బావా! ఇనుమే!" అన్నాడు వీర్రాజు.

"ఉక్కూరి మొసలి కదేటి మరి!"

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. ఇంకేం, తలా ఒక రాయి అందుకున్నారు. సూరన్న "వద్దు బాబూ, వద్దు బాబూ" అని ఎంత గట్టిగా మొత్తుకుంటే వీళ్లకు అంత హుషారు వచ్చింది. పూనకం వచ్చిన జాతరలో కూడా ఇంత గోల ఉండదు.

వీర్రాజు విసిరిన రాయి గురి తప్పింది. గట్టుకు దూరంగా, అవతల మూలనున్న రెల్లు దుబ్బు వైపు పోయింది. అంతసేపూ అరవడమే తప్ప అడుగు కదపని సూరన్న ఒక్క గెంతులో వెళ్లి ఆ దుబ్బుకు అడ్డంగా నిలబడ్డాడు. రాయి వచ్చి అతని భుజానికి తగిలింది. ఖాకీ చొక్కా చిరిగి నెత్తురు కారింది.

జగ్గారావు పగలబడి నవ్వాడు. "మొసలి ఇటుంటే అటు గెంతుతావేటి? మతి గాని పోనాదేటి?"

వీర్రాజుకు మాత్రం నవ్వు రాలేదు. సిగ్గుతో తల వంచుకున్నాడు. "పద బావా. పాపం, రక్తం వచ్చింది."

"ఉండు, ఇదొక్కటీ." జగ్గారావు పెద్దరాయి ఒకటి ఎంచుకుని, గురి చూసి, మొసలి నోటి మీదకు విసిరాడు. పన్ను ఒకటి ఊడి గట్టు మీద పడింది. అయినా మొసలి కదల్లేదు.

అప్పుడు జగ్గారావు కళ్లు చికిలించి దాన్ని తేరిపార చూశాడు. "అయినా ఏం మొసలి బావా! ఆ వీపు మీద బొడిపెలు సూడు. ఒక్కటీ వంకర లేదు. దేవుడు ఎంత ఓపిగ్గా తీర్సేడో! మా సేతులకొచ్చునేటి అలాటి పని!"

గేటు దగ్గర గంట కొట్టారు. జనం పలచబడ్డారు. జూ ఊడ్చే పైడితల్లి తట్ట చంకన పెట్టుకుని మొగుడి కోసం మడుగు దగ్గరికి వచ్చింది.

"ఏటి మావా, ఆ నెత్తురు? ఎవులు ఈ పని సేసినోలు?"

"జగ్గారావు మేస్త్రీ, ఆడి నేస్తాలూను. ఆడదానికి తాపీ ఎందుకు, తట్ట మొయ్యి అని నిన్ను అన్లేదా, ఆడే!"

పైడితల్లి మొహం గంటుపెట్టుకుంది. "ఈయాలేటన్నాడు?"

"ఆ వీపు దేవుడు తీర్సేడంట. అలాటి పని ఆడి సేతికి రాదంట. నా సెవుల్తో ఇన్నాను!"

ఆ మాటకు పైడితల్లి మొహం చేటంతయింది. అంతలో రెల్లు దుబ్బులోంచి సన్నగా కూతలు వినిపించాయి. సూరన్న భుజం నొప్పి మరిచిపోయి పెళ్లాం చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తుండగా దుబ్బు కదిలింది. ఒంటికన్ను తల్లి మొసలి, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లను నోట కరుచుకుని, మెల్లగా నీళ్లలోకి దిగింది.

పైడితల్లి కళ్లు తుడుచుకుని, తట్టలోంచి తాపీ తీసి, గట్టు మీది మొసలికి ఊడిన పన్నును తడి సిమెంటుతో అతికించడం మొదలుపెట్టింది.