రెండున్నర

“ఈమె పరీక్ష నేను చూసుకుంటాను మేడం. మీరు ఇవాళే సెలవు నుంచి వచ్చారు,” అన్నాడు ల్యాబ్ అసిస్టెంట్ ఆత్రేయ.

రజిని తల అడ్డంగా ఊపి కుర్చీ లాక్కుంది.

యూనివర్సిటీలో ఆ ల్యాబ్ బాధ్యత ఆమెదే. మెషిన్ల మీటలూ తెరలూ వాడేవాళ్లకు ఎంత సులువుగా ఉన్నాయో అక్కడ పరీక్షిస్తారు. ఇవాళ బల్ల మీద ఉన్నది ఐసీయూలో మందు ఎక్కించే మెషిన్. ఎదురుగా కూర్చున్నది నర్సు స్వరూప, లాలాగూడ మనిషి. ఆమె డ్యూటీలో ఉండగా మందు ఎక్కువై ఒకాయన పోయాడు. తప్పు ఆమెదని తేలితే ఉద్యోగం ఉండదు. కేసు ఎలాగూ నడుస్తోంది.

“గంటకి రెండున్నర ఎమ్మెల్ పెట్టండి,” అంది రజిని.

స్వరూప రెండు నొక్కింది. చుక్క నొక్కింది. ఐదు నొక్కింది. తెర మీద ఇరవై ఐదు పడింది. మెషిన్ ఏమీ అడగలేదు. పచ్చ లైటు వెలిగింది, అంతే.

“మళ్లీ పెట్టండి.”

ఈసారి చుక్క మీద గోరు దిగేలా నొక్కింది. రెండున్నర పడింది.

పొద్దున వచ్చిన నర్సుల్లో సగం మందికీ ఇరవై ఐదే పడింది. ఆ చుక్క మీట మొద్దు. వాడే మనిషి తడబడితే ముందు మెషిన్‌ని అనుమానించాలి. ఏటా పిల్లలకి రజిని చెప్పే మొదటి పాఠం అదే. ఇవాళ అది పక్క గదిలో ఇంకెవరో చెబుతున్నట్టుంది. చెయ్యి దాని పాటికది రాసుకుపోతోంది.

“తప్పు మీది కాదు,” అంది. “పదింతల మందు పెడుతుంటే మెషిన్ ఒకసారి ఆగి అడగాలి. రిపోర్టులో అదే రాస్తాను.”

స్వరూప ఏడవలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

“ఆయన భార్య నన్ను లోపలేయించేదాకా ఊకోదంట మేడం. ఆమె మొహం కూడ నేను సూడలే. ఆమెకు ఎవరు చెప్తరు?”

“తెలుస్తుందిలెండి.”

సాయంత్రం తార్నాకలో ఆటో దిగి, రజిని ఇంటి తాళం తీసింది. స్టవ్ మీద పాలు పెట్టి, పొంగి గట్టంతా కారేదాకా చూస్తూ నిలబడింది. స్టవ్ కట్టేసి, లాయరుకి ఫోన్ చేసింది.

“ఆ నర్సు పేరు తీసేయండి కొండలరావు గారూ, మావారు పోయింది ఆమె వల్ల కాదు.”