కోట తలుపు తీసినవాడు

"ఆటలో ఏడో మిషన్ మార్చమంటే ముందు నా రాజీనామా తీసుకోండి," అంటూ డిజైనరు కాగితాన్ని డైరెక్టర్ ముందుకు తోసింది.

డైరెక్టర్ కాగితం వైపు చూడనేలేదు. గోడకు అతికించిన బొమ్మ చూపించాడు. వచ్చే నెల విడుదలయ్యే కంప్యూటర్ యుద్ధం ఆట కొత్త భాగానికి కవరు అది. సేనాపతి కత్తెత్తి కోట గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"కవరు మీద ఇంత పోజు కొట్టినవాడు లోపలికెళ్లేసరికి శత్రువుకి తలుపు తీస్తాడా అమ్మా? కొన్నవాడు నన్ను తిట్టిపోయడూ?"

"నన్నేం చెయ్యమంటారు సార్? చరిత్రలో తీశాడు."

"చరిత్రకేం, నోరెత్తదు. ఆడేవాళ్లు రివ్యూలు రాస్తారు. ప్రాణం పోయేదాకా తలుపు కాపాడాడని పెట్టెయ్. తాతయ్యా, మార్చడానికి ఎన్నాళ్లు?"

"రెండ్రోజులు," అన్నాడు కిటికీ పక్కన ల్యాప్‌టాప్‌లో తల దూర్చిన ప్రోగ్రామర్. వయసు నలభై అయిదే. కంపెనీ మొదటి ఆట నాటినుంచి మిగిలినవాడు ఆయనొక్కడే కాబట్టి ఆఫీసంతా తాతయ్య అంటారు. అడిగినదానికి తప్ప నోరు విప్పడు.

డిజైనరుకు ఒళ్లు మండిపోయింది. ఎనిమిది నెలలు ఆ ఒక్క ద్రోహం చుట్టూ మిషనంతా అల్లుకుంది. ఈ ఉద్యోగం పోతే మరొకటి చేతిలో లేదు. అయినా వెనక్కి తగ్గదలచుకోలేదు. ఆటకు సలహాదారుగా వచ్చిన చరిత్ర మాస్టారు ఎదురుగానే కూర్చున్నారు. ఆయన రాసిన లావుపాటి పుస్తకమే ఆమెకు వేదం.

"మాస్టారి పుస్తకం వచ్చాకే కదండీ కూడలిలో సేనాపతి విగ్రహం పీకేశారు! ఆ వంశంవాళ్లు తలెత్తుకోలేక ఇంటిపేరే మార్చుకున్నారు. ఇంకేం రుజువు కావాలి మీకు?"

మాస్టారు పొగడ్త విన్నట్టు తల వంచుకున్నారు.

"అయితే మాస్టారూ, తలుపు తీసిన సంగతి మీకెలా తెలిసింది?" అన్నాడు డైరెక్టర్.

"ఆధారం లేకుండా రాస్తానా నాయనా? చివర్లో ఇచ్చాను. ఇక్కడ టీ ఏమైనా దొరుకుతుందా?"

"ఉండండి మాస్టారూ, నేను చదివి వినిపిస్తా. ఈయన నోరు మూతపడాలి."

ఆమె పుస్తకం చివరి పేజీలు తిప్పి, చీమతలంత అక్షరాల మీద వేలు పెట్టి గడగడా మొదలుపెట్టింది. తలుపు సంగతికి ఇచ్చిన నలభై ఒకటో ఆధారం దగ్గర ఆగిపోయింది. అది ఒక కంప్యూటర్ ఆట. పదిహేడేళ్ల కిందటిది. పక్కనే ఈ కంపెనీ పేరుంది.

"అంత పెద్ద సంస్థ పరిశోధన చెయ్యకుండా ఆట తయారుచేస్తుందా అనుకున్నాను," అని గొణిగారు మాస్టారు.

డిజైనరు కిటికీ వైపు తిరిగింది. "తాతయ్యా, సేనాపతి తలుపు తీశాడని అప్పుడు మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు తాతయ్య కీబోర్డు మీంచి చేతులు తియ్యకుండానే. "మర్నాడు విడుదల. మన సైనికులేమో నిచ్చెన ఎక్కడం రాక గోడ దగ్గరే గుండ్రంగా తిరుగుతున్నారు. లోపల్నుంచి ఎవడో ఒకడు తలుపు తియ్యాలి కదా, చూస్తే ఆయనొక్కడే ఖాళీగా నిలబడి కనిపించాడు."