మరుగుదొడ్డి పక్క మనిషి

అరాబా ఫోనులో చెప్పింది, "కొత్త బ్లాకులు పంపాను" అని. అవతల మేస్త్రీ చెవిన పడింది, "పంపండి" అని. మధ్యాహ్నానికల్లా టకొరాడి ఊళ్ళో, ఆమె కట్టడాల నక్షాలు గీసే ఆఫీసు గుమ్మానికి అడ్డంగా నాలుగు వందల సిమెంటు దిమ్మెలు దిగాయి.

యజమాని బెంటిల్ చంకలో గొడుగుతో, దిమ్మెల సందులోంచి బొజ్జ ఈడ్చుకుంటూ లోపలికొచ్చాడు.

"ఎవరే ఈ గోడ తెప్పించింది? నన్ను బయటే పెట్టి కట్టేద్దామనా?"

"నేను పంపింది కంప్యూటర్ బ్లాకులు బాస్. ఆయన సరిగ్గా వినలేదు," అంది అరాబా.

ఒకసారి గీసి, పేరు పెట్టి దాచుకున్న బొమ్మే బ్లాకు. తలుపైనా తాటిచెట్టైనా మళ్ళీ గీయక్కర్లేదు. కావలసిన చోటల్లా దించుకోవడమే.

"ఏవీ, చూపించు." సంతకం పెట్టడానికి తప్ప ఏళ్ళుగా నక్షా మొహం చూడని బెంటిల్ తెర మీదికి వంగాడు.

ఆసుపత్రి. మరుగుదొడ్డి తలుపు. తలుపు ఎత్తు తెలియడానికి పక్కన నిలబెట్టిన మనిషి. ముందుకు పొడుచుకొచ్చిన బొజ్జ. చంకలో గొడుగు.

ఇంకో నక్షా తెరిపించాడు. బడి. మరుగుదొడ్డి పక్కన అదే బొజ్జ. చేపల బజారు. అదే గొడుగు.

అందరికంటే పాతకాపు క్వేసి నవ్వాపుకోలేక తింటున్న మొక్కజొన్న కెంకే ముద్ద నోట్లో కుక్కుకున్నాడు.

"ఊరూరా నన్ను దొడ్డి దగ్గర కాపలా పెట్టావా?" బెంటిల్ గొడుగుతో బల్ల మీద కొట్టాడు. "నా పొట్ట గీసి నీ పొట్ట నువ్వే కొట్టుకున్నావు! సాయంత్రానికి నీ కుర్చీ ఖాళీ!"

"నేను గీయలేదు బాస్. తలుపూ మనిషీ కలిపి ఒకే బ్లాకు. తలుపు దించితే ఈయనా దిగుతాడు. ఆఫీసు బ్లాకులు తప్ప బయటివి వాడితే ఊరుకోనని గోడకు రాయించింది మీరేగా?"

"నోర్ముయ్! గీతలు గీయమంటే గీత దాటతావా? డాడ్జీ గారి దగ్గర పదేళ్ళు చేశాను నేను. ఆయన నీడ కూడా తొక్కలేదు. పోతూ పోతూ ఈ కుర్చీ, ఈ గొడుగు నాకే ఇచ్చారు. భక్తంటే అదీ! మీకేం తెలుసు?"

అరాబాకు ఒళ్ళు మండింది. ఆరేళ్ళ చాకిరీ. ఈ జీతం ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది. ఎలాగూ నింద పడింది, ఆ బొమ్మేదో తనే గీసి ఉంటే బాగుండేదనిపించింది.

"అయితే విప్పి చూద్దాం బాస్. బ్లాకు లోపల గీసినవాళ్ళు పేరు రాసిపెట్టడం మన ఆఫీసు అలవాటు కదా!"

"విప్పు! అందరూ ఇలా రండి. ఎవరి పేరుంటే వాళ్ళు ఆ దిమ్మెల మీంచి దూకి పోవాలి. క్వేసీ, గట్టిగా చదువు. వీధిలోకి వినపడాలి!"

అరాబా బ్లాకు విప్పింది. మూల చీమంత అక్షరాలు. పెద్దవి చేసింది. క్వేసి కళ్ళద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని చదివాడు:

"'మా బాస్ డాడ్జీ, రోజంతా ఉండే చోట. గీసినవాడు: కొత్తగా చేరిన బెంటిల్, 2001.'"