కట్టె పట్టినోళ్లదే మాట

"నోట్లో ఆకువక్క ఉమ్మేసి రా తిమ్మయ్యా. మాట తేటగా చెప్పాల," అన్నాడు సుంకప్ప.

తిమ్మయ్య గొణుక్కుంటూ లేచిపోయి ఉమ్మి వచ్చాడు. చావడి ముందు కూర్చున్న జనం కిసుక్కున నవ్వారు.

కోసిగి పక్కనున్న ఆ ఊరికి సర్కారు ఒక్క బావి మంజూరు చేసింది. ఎక్కడ తవ్వాలో ఊరంతా ఒక్క మాట మీద చెప్పాలి. మీదివీధికా, కిందివీధికా అని రెండుసార్లు కూర్చున్నారు. రెండుసార్లూ తలలు పగిలాయి. బావి కాదు గదా, జానెడు గుంట కూడా పడలేదు! ఇవాళ తేలకపోతే బావి పక్క ఊరికి పోతుందని గ్రామసేవకుడు దావీదురాజు ఖరాఖండిగా చెప్పేశాడు. ఆడవాళ్లేమో బిందెడు నీళ్లకు రెండు మైళ్లు నడుస్తున్నారు.

అందుకే ఈసారి సుంకప్పను పెద్దగా కూర్చోబెట్టారు. ఆరేళ్లు దూరాన కొండల్లో తూటాలు పెట్టి రాళ్లు పేల్చే పని చేసి, పోయిన నెలే తిరిగొచ్చిన మనిషి. ఏ వీధి గొడవలోనూ లేడు.

సుంకప్ప ముందే షరతులు పెట్టాడు. చేతికట్టె ఎవరి దగ్గరుంటే వాళ్లే మాట్లాడాలి. తన ఎదురుగా నిలబడి నిదానంగా చెప్పాలి. పొద్దు గూకేలోపు ముగించాలి.

"లాంతర్లు తెప్పిస్తాం లేప్పా, తొందరేముండాది?" అన్నాడు తిమ్మయ్య.

"లాంతర్ల పంచాయతీ నాకొద్దు. వెలుతురుండగానే తేలాల."

ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. సుంకప్ప రెప్ప వేయకుండా వాళ్ల మొహంలోకే చూశాడు. "నువ్వు చెప్పేది ఇదే గదా?" అని వాళ్ల మాటే వాళ్లకు తిరిగి అప్పజెప్పాడు. తప్పయితే మళ్లీ చెప్పించుకున్నాడు. అంత మర్యాద ఎరగని జనం ముందు బిత్తరపోయారు, తర్వాత మెత్తబడ్డారు.

మీదివీధి ఓబులేసు మాత్రం సుంకప్ప వెనకనుంచి గొంతు చించుకున్నాడు. "ఏం పెద్దరికమప్పా నీది! కిందివీధోళ్లు కల్లు తాపినారా?"

సుంకప్ప తలైనా తిప్పలేదు. ఎదురుగా కూర్చున్న అతని భార్య గురమ్మ చెయ్యెత్తి వెనక్కి చూపించింది. అప్పుడు సుంకప్ప తిరిగి, నవ్వుతూ కట్టె చాపాడు.

"రా ఓబులేసూ. ఇప్పుడు వంతు నీదే."

ఓబులేసుకు తల కొట్టేసినట్టయింది.

చివర్న ముసలి సర్దార్ బీ లేచింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది.

"కొంగు తియ్యక్కా. నీ మాట నాకు పూర్తిగా కావాల."

ఆమె కొంగు తీసింది. "రెండు వీధుల నడుమ పల్లం ఉండాది గదా, ఎండాకాలంలో గూడా ఆడ గరిక పచ్చగా ఉంటాది. నా మేకలు ఆడనే మేస్తాయి. రెండుసార్లూ చెప్పినా, ఎవురూ ఇనలే."

జనం మొహమొహాలు చూసుకున్నారు. అందరికన్నా ముందు ఓబులేసే చెయ్యెత్తాడు. తర్వాత అన్ని చేతులూ లేచాయి.

దావీదురాజు కాగితం మీద వేలిముద్రలు వేయించుకుని, ఇంటిదారి పట్టిన సుంకప్ప వెనక పరుగెత్తాడు.

"సుంకప్పా! ఇంత ఓపికగా వినే మనిషిని నేను యాడా చూడలేదు. యాడ నేర్చినావప్పా?"

సుంకప్ప ఆగలేదు, పలకలేదు. దావీదురాజు మనసు చివుక్కుమంది. వెనకే వస్తున్న గురమ్మను ఆపాడు.

"ఏమమ్మా, నీ మొగుడికి అంత గర్వమా?"

గురమ్మ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"మూడేండ్లాయ సార్, ఆయనకు చెవులు ఇనపడవు."